టార్గెట్‌లో పుట్టే పయాన్ల లెక్క: టీ2కే బీమ్ ఉదాహరణగా

ప్రోటాన్లను టార్గెట్‌కు తాకించి, అక్కడ పుట్టే పయాన్లనే అల్పాయువు కణాలు విచ్ఛిన్నమైతే న్యూట్రినో బీమ్ వస్తుంది. దాని సిమ్యులేషన్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ఏ మోడల్ వాడాలి? ఫ్లూకానా, జియాంట్4లో ఎఫ్‌టీఎఫ్‌పీ_బెర్టా, లేక క్యూజీఎస్‌పీ_బెర్టా? (ఫ్లూకా, జియాంట్4 కణాల తాకిడులను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాములు; మిగతా రెండూ జియాంట్4లో దొరికే మోడల్ సమూహాలు.) అడగాల్సిన ప్రశ్నే, కానీ మొదట అడగాల్సింది కాదు. ఏ మోడల్ పట్టుకున్నా అది ఇచ్చే పయాన్ల సంఖ్యను ఉన్నదున్నట్టు నమ్మడానికి లేదు. ఒక్కో మోడల్‌కూ ఇంకోదానికీ కొన్ని శక్తుల దగ్గర ఇరవై, ముప్పై శాతం తేడా వస్తుంది. నమ్మదగిన అంకె రావాలంటే సిమ్యులేషన్‌లో జరిగిన ప్రతి తాకిడినీ రాసిపెట్టుకోవాలి. ఆ తాకిడిని ఎక్కడైనా ప్రయోగంలో కొలిచి ఉంటే, కొలతకు సరిపడేలా వెయిట్, అంటే లెక్కలో దాన్ని పెంచే లేదా తగ్గించే గుణకం, ఇవ్వాలి. మోడల్‌కు మిగిలే పని కొలతలు లేనిచోట ఖాళీ పూరించడమే. ఆ ఖాళీ ఎంత తక్కువైతే మన లెక్క అంత గట్టిది.

ఉదాహరణకు టొకాయ్ నుంచి కమియోకాకు న్యూట్రినోలను పంపే టీ2కే ప్రయోగాన్ని తీసుకుందాం. జపాన్‌లోని టొకాయ్‌లో జే-పార్క్ యాక్సిలరేటర్ 30 జీఈవీ (ఒక జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి) ప్రోటాన్లను 90 సెంటీమీటర్ల పొడవు, 2.6 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్రాఫైట్ కడ్డీ మీదకు వదులుతుంది. అందులోంచి వచ్చే పయాన్లను, వాటికంటే బరువైన కేయాన్లను మూడు అయస్కాంత హార్న్‌లు ముందుకు మళ్లిస్తాయి. 96 మీటర్ల డికే వాల్యూమ్‌లో అవి విచ్ఛిన్నమై న్యూట్రినోలను ఇస్తాయి. సూపర్-కమియోకాండే డిటెక్టర్ 295 కిలోమీటర్ల దూరంలో ఉంది. బీమ్‌ను దానికి సూటిగా గురిపెట్టరు, 2.5 డిగ్రీలు పక్కకు పెడతారు.

ఆ 2.5 డిగ్రీల వల్లే ఏ పయాన్లను పట్టించుకోవాలో తెలుస్తుంది. న్యూట్రినో శక్తి సుమారుగా 0.427 × పయాన్ శక్తి ÷ (1 + గామా² × కోణం²). ఇక్కడ గామా అంటే పయాన్ శక్తి భాగించు దాని నిశ్చల శక్తి, కోణం 0.0436 రేడియన్. 2 జీఈవీ పయాన్‌కు గామా 14.3, న్యూట్రినో శక్తి 0.61 జీఈవీ వస్తుంది. 3 జీఈవీ పయాన్‌కు 0.68, 5 జీఈవీ పయాన్‌కు 0.62. పయాన్ శక్తి రెండున్నర రెట్లు మారినా న్యూట్రినోలన్నీ 0.6, 0.7 మధ్యే గుమిగూడతాయి. కాబట్టి స్పెక్ట్రంలో, అంటే న్యూట్రినోల శక్తివారీ గ్రాఫ్‌లో, శిఖరం ఎక్కడుందన్నది జ్యామితే తేల్చేస్తుంది. దాని ఎత్తెంత అన్నది మాత్రం 2 నుంచి 5 జీఈవీ మధ్య ఎన్ని పయాన్లు ఏ కోణంలో పుట్టాయన్న దాని మీదే నిలబడి ఉంటుంది. అడ్డ మొమెంటం (మొమెంటంలో బీమ్ దిశకు లంబంగా ఉండే భాగం) సాధారణంగా 0.3 జీఈవీ చుట్టుపక్కల ఉంటుంది గనుక 3 జీఈవీ పయాన్ దాదాపు 100 మిల్లీరేడియన్ల కోణంలో బయటికొస్తుంది. మన కళ్లుండాల్సింది ఈ ప్రాంతం మీద. దగ్గర దగ్గర 20 జీఈవీతో సూటిగా పోయే పయాన్ల గ్రాఫ్ ఎంత అందంగా కుదిరినా టీ2కే శిఖరానికి దానివల్ల ఒరిగేది తక్కువే.

ఇక టార్గెట్. మొదటి పొరపాట్లు జరిగేది ఇక్కడే, అవి చాలా మామూలువి. జియాంట్4లో సిద్ధంగా దొరికే కార్బన్ పదార్థం సాంద్రత ఘన సెంటీమీటర్‌కు 2.0 గ్రాములు. టీ2కే కడ్డీ గ్రాఫైట్‌ది 1.8 మాత్రమే. ఈ తేడా ఎంత చేస్తుందో చూడండి. 1.8 గ్రాముల సాంద్రతకు ఘన సెంటీమీటర్‌కు 9.02 × 10²² కేంద్రకాలు ఉంటాయి. 31 జీఈవీ మొమెంటం ప్రోటాన్‌కు (30 జీఈవీ గతిజశక్తి అంటే మొమెంటం ఇంతే) కార్బన్ మీద ప్రొడక్షన్ క్రాస్ సెక్షన్, అంటే కొత్త కణాలు పుట్టే తాకిడి జరిగే అవకాశానికి కొలత, 230.7 మిల్లీబార్న్‌లు. రెండూ గుణించి తలకిందులు చేస్తే ఇంటరాక్షన్ లెంగ్త్ (తాకిడికి ముందు ప్రోటాన్ సగటున పోయే దూరం) 48 సెంటీమీటర్లు. 90 సెంటీమీటర్లంటే 1.87 లెంగ్త్‌లు, ఏ కణాన్నీ పుట్టించకుండా దాటిపోయే ప్రోటాన్లు 15.4 శాతం. సాంద్రత 2.0 అని పెడితే లెంగ్త్ 43.2కి తగ్గి, దాటిపోయేవి 12.5 శాతానికి పడిపోతాయి. తాకిడులు కడ్డీ మొదటి భాగంలోకి జరుగుతాయి, పయాన్లు హార్న్‌లో ప్రవేశించే స్థానం మారుతుంది. ఆ తప్పు చివరికి హార్న్ కరెంట్ తప్పులా కనిపించి రోజుల తరబడి తప్పుదారి పట్టిస్తుంది. కాబట్టి సిమ్యులేషన్ మొదలుపెట్టగానే చేయాల్సిన పరీక్ష ఇది: దాటిపోయిన ప్రోటాన్లను లెక్కపెట్టి, చేత్తో వేసిన లెక్కతో పోల్చండి. అయితే కోడ్‌లో వాడే క్రాస్ సెక్షన్‌తోనే వేయండి, ప్రయోగం ఇచ్చినదానితో కాదు. ఎందుకో కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

బీమ్‌ను సన్నని గీతలా పెట్టడం కూడా తప్పే. టీ2కేలో బీమ్ సిగ్మా (అది ఎంత పరుచుకుందో చెప్పే కొలత) 4 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, కడ్డీ వ్యాసార్ధం 13 మిల్లీమీటర్లు. పక్క నుంచి బయటపడే పయాన్ ఎంత గ్రాఫైట్ దాటాలన్నది అది పుట్టిన చోటును బట్టి మారుతుంది. గీతలా పెడితే అన్నీ నడిమధ్యలో పుట్టి, అన్నీ ఒకే మందం దాటుతాయి.

మోడల్ గురించి చెప్పుకోవాల్సిన ముఖ్య విషయం అతుకు, అంటే రెండు మోడళ్లను కలిపే శక్తి ప్రాంతం. 30 జీఈవీ ప్రోటాన్, నిలిచి ఉన్న న్యూక్లియాన్‌ను (కేంద్రకంలోని ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌ను) తాకినప్పుడు ద్రవ్యరాశి కేంద్ర చట్రంలో మొత్తం శక్తి 7.7 జీఈవీ మాత్రమే. ఎక్కువ శక్తులకు ఉద్దేశించిన స్ట్రింగ్ మోడల్‌కు అది చాలీచాలని శక్తి, తక్కువ శక్తులకు ఉద్దేశించిన కేస్కేడ్ మోడల్‌కు మరీ ఎక్కువ. ఎఫ్‌టీఎఫ్‌పీ_బెర్ట్‌లో ఇప్పటి వెర్షన్‌లు 3 జీఈవీ కింద బెర్టినీ కేస్కేడ్‌ను, 6 జీఈవీ పైన ఫ్రిటియోఫ్ స్ట్రింగ్ మోడల్‌ను వాడతాయి. మధ్యలో ప్రతి తాకిడికీ రెంటిలో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుంటాయి, శక్తి పెరిగేకొద్దీ స్ట్రింగ్ మోడల్ వంతు పెరుగుతుంది. మనకు కావాల్సిన 2 నుంచి 5 జీఈవీ పయాన్లు కడ్డీలోనో హార్న్‌లోనో మళ్లీ తాకిడికి గురైతే సరిగ్గా ఈ అతుకు మీదే పడతాయి. అక్కడ గ్రాఫ్‌లో చిన్న మడత కనిపిస్తే దాన్ని భౌతికశాస్త్రం అనుకోకండి. జియాంట్4 వెర్షన్ మారినప్పుడు ఈ హద్దులు కూడా మారాయి. ఒక వెర్షన్‌తో తయారైన వెయిట్లను ఇంకో వెర్షన్ ఫైళ్లకు వాడితే ఫలితం అర్థం లేనిదవుతుంది. వెయిట్ అంటే కొలత భాగించు మోడల్. హారంలో ఉన్న మోడల్ మారిపోతే వెయిట్‌కు విలువేముంది?

ఆ కొలతలు ఎక్కడివంటే, చాలావరకు సెర్న్‌లోని ఎన్‌ఏ61/షైన్ ప్రయోగానివి. టీ2కే కోసమే వాళ్లు 31 జీఈవీ మొమెంటం ప్రోటాన్లను 2 సెంటీమీటర్ల మందం గ్రాఫైట్ పలక మీదకు వదిలి 2007లో, 2009లో కొలతలు తీశారు. పలక పలచగా ఉండటంలోనే కీలకం ఉంది. 2 సెంటీమీటర్లంటే ఇంటరాక్షన్ లెంగ్త్‌లో 4 శాతమే. ప్రోటాన్ ఒక్కసారే తాకుతుంది, పుట్టినవి మళ్లీ తాకకుండా బయటపడతాయి. ఒక్క తాకిడి తాలూకు స్వచ్ఛమైన చిత్రం దొరుకుతుంది.

మీ మోడల్‌ను దాంతో పోల్చడానికి పది లక్షల ప్రోటాన్లను అదే 2 సెంటీమీటర్ల పలక మీదకు వదిలితే 41 వేల తాకిడులు వస్తాయి. వినడానికి చాలా ఎక్కువ, కానీ మొమెంటం, కోణం రెంటినీ బిన్లుగా, అంటే చిన్న చిన్న అరలుగా, విడగొట్టాక పెద్ద కోణాల్లో బిన్‌కు 50 పయాన్లు మిగలొచ్చు, అంటే 14 శాతం గణాంక దోషం. కేయాన్లకైతే ఇంకా కష్టం. వెయిట్ హారం కొలత కంటే బాగా ఖచ్చితంగా ఉండాలి కాబట్టి కనీసం కొన్ని కోట్ల ప్రోటాన్లు నడపండి. లేదా పలకను వదిలేసి, మోడల్‌ను నేరుగా పిలిచి ఒక్కో తాకిడిని మాత్రమే పుట్టించండి. రెండో దారి వేగంగా పోతుంది, నేనైతే దాన్నే సూచిస్తాను.

ఈ పోలికలో రెండు గుంతలున్నాయి. మొదటిది క్వాసీ-ఎలాస్టిక్. 31 జీఈవీ దగ్గర ఎన్‌ఏ61 ఇచ్చిన ఇనెలాస్టిక్ (కేంద్రకం చెదిరే తాకిడులన్నీ కలిసిన) క్రాస్ సెక్షన్ 258.4 మిల్లీబార్న్‌లు, ప్రొడక్షన్ క్రాస్ సెక్షన్ 230.7. తేడాగా మిగిలిన 27.7 మిల్లీబార్న్‌లలో కేంద్రకం చెదురుతుంది గానీ కొత్త కణమేదీ పుట్టదు. ప్రోటాన్ కాస్త శక్తి పోగొట్టుకుని ముందుకు సాగుతుంది. ప్రయోగం ఇచ్చే పయాన్ల సగటు ప్రొడక్షన్ తాకిడికి లెక్కగట్టింది. జియాంట్4 ఇనెలాస్టిక్ అని రాసే తాకిడుల్లో క్వాసీ-ఎలాస్టిక్ కూడా కలిసి ఉంటుంది. వాటిని వడకట్టకుండా భాగిస్తే 258.4కూ 230.7కూ ఉన్న నిష్పత్తి మేరకు, అంటే 12 శాతం, ప్రతి వెయిట్ తప్పుతుంది. అన్ని బిన్లలో ఒకేలా తప్పుతుంది కాబట్టి గ్రాఫ్ ఆకారం చూసి పట్టుకోలేం. వడకట్టే నియమం సులువైనదే: తాకిడిలోంచి ఒక్క మీసాన్ (పయాన్, కేయాన్ లాంటిది) కూడా, కొత్త బేరియాన్ (ప్రోటాన్ కుటుంబపు కణం) కూడా రాకపోతే దాన్ని హారంలోంచి తీసేయాలి. పైన దాటిపోయిన ప్రోటాన్ల పరీక్షలో ఏ క్రాస్ సెక్షన్ వాడుతున్నామో గుర్తుంచుకోమన్నదీ ఇందుకే.

రెండోది, విచ్ఛిన్నాల వల్ల వచ్చిన పయాన్లు. కే-షార్ట్, లాంబ్డా లాంటి అల్పాయువు కణాలు కొన్ని సెంటీమీటర్లలోనే విచ్ఛిన్నమై పయాన్లను ఇస్తాయి. వాటి వాటాను ప్రయోగాలు తీసేసే ఫలితాలు ప్రకటిస్తాయి. మీ హిస్టోగ్రామ్ కూడా తాకిడి బిందువు దగ్గర నేరుగా పుట్టినవాటినే లెక్కపెట్టాలి. పలక వెనక గోడ దగ్గర కణాలను పట్టి లెక్కపెడితే అవి కలిసిపోతాయి, తక్కువ మొమెంటం పయాన్లు లేనిపోని విధంగా పెరుగుతాయి.

ఇప్పుడు క్రాస్ సెక్షన్ వెయిట్. చాలామంది ఇక్కడ కొలతను మోడల్‌తో భాగించి ఊరుకుంటారు. అది సగం లెక్కే. క్రాస్ సెక్షన్ తగ్గిందంటే ప్రోటాన్ అంతదాకా బతికే అవకాశం పెరిగిందని కూడా కదా. మోడల్‌లో 240 మిల్లీబార్న్‌లు, కొలతలో 230.7 అనుకోండి. కడ్డీ ముఖం దగ్గరే తాకిన ప్రోటాన్‌కు వెయిట్ 230.7/240, అంటే 0.961. 30 సెంటీమీటర్ల లోతున తాకినదానికి అంతదాకా బతికినందుకు 1.025 కలిసొచ్చి వెయిట్ 0.986 అవుతుంది. 60 సెంటీమీటర్ల దగ్గర తాకితే 1.011. దాదాపు 47 సెంటీమీటర్ల దగ్గర, అంటే ఒక ఇంటరాక్షన్ లెంగ్త్ దగ్గర, వెయిట్ 1 దాటుతుంది. అసలు తాకకుండా బయటపడిన ప్రోటాన్‌కు 1.078. సగటున తాకిడుల సంఖ్య తగ్గేది 1.3 శాతమే, కానీ వాటి స్థానం వెనక్కి జరుగుతుంది. ఉత్త నిష్పత్తి వాడితే 3.9 శాతం తగ్గినట్టు వస్తుంది, అది మూడు రెట్ల తప్పు. తాకకుండా దాటిన కణాలకు కూడా వెయిట్ ఉంటుందన్న సంగతి మరిస్తే ప్రోటాన్ల మొత్తం సంఖ్యే సరిపోదు.

ఇదంతా చేయాలంటే ప్రతి న్యూట్రినో వెనక ఉన్న వంశావళి ఫైల్‌లో ఉండాలి. తాకిన కణం ఏది, దాని మొమెంటం ఎంత, ఏ పదార్థంలో, ఏ బిందువు దగ్గర, అక్కడ పుట్టి మన గొలుసులోకి వచ్చిన కణం ఏది, మధ్యలో ఏ పదార్థాన్ని ఎంత మందం దాటింది. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ వాళ్ల డీకే2ఎన్‌యూ ఫైల్ ఫార్మాట్‌లో వీటిలో చాలావాటికి చోటుంది. దాటిన మందాన్ని రాసుకోవడం మాత్రం చాలామంది మరచిపోతారు. తర్వాత కావాలనుకుంటే మళ్లీ మొత్తం నడపడం తప్ప దారి లేదు. న్యూట్రినో వెయిట్ ఆ గొలుసులోని ప్రతి మెట్టు వెయిట్ల లబ్ధం. 30 జీఈవీ ప్రోటాన్ తాకి 12 జీఈవీ ప్రోటాన్ వచ్చింది, అది తాకి 3 జీఈవీ పయాన్ వచ్చింది, అది హార్న్ గోడ దాటింది అనుకుంటే, అయిదు దాకా అంశాలు గుణించాలి. ఏ మెట్టుకైనా వెయిట్ 8, 10 అలా వస్తే దాన్ని పైనుంచి కోసేయకండి. మోడల్ దాదాపు ఖాళీగా వదిలిన బిన్‌లో ఒక్క కణం పడిందని దానర్థం. అలాంటి బిన్‌కు వెయిట్ 1 ఇచ్చి, దోషం పెద్దది పెట్టండి.

ఇంకో పరీక్ష చాలా తక్కువమంది చేస్తారు. పాజిటివ్ పయాన్లకు 1.1, నెగెటివ్‌లకు 1.1, ప్రోటాన్లకు 1.05 అని ఎవరికివారు వెయిట్లు పెంచుకుంటూ పోతే తాకిడికి బయటికొచ్చే మొత్తం శక్తి లోపలికెళ్లిన 30 జీఈవీ కంటే ఎక్కువైపోవచ్చు. వెయిట్లు వేశాక సగటు శక్తి మొత్తాన్ని కూడి చూడండి. దాటితే, కొలతలు లేని న్యూట్రాన్ల దగ్గరో, చాలా చిన్న కోణాల్లో పోయే ప్రోటాన్ల దగ్గరో తగ్గించాల్సింది ఉందన్నమాట.

పలచని పలక కొలతలతో టీ2కే ఫ్లక్స్ (బీమ్‌లోని న్యూట్రినోల సంఖ్య) లెక్కలో దోషం పది శాతం చుట్టూ ఆగింది. కారణం కడ్డీలోపలి రెండో తరం తాకిడులు. వాటికి నేరుగా సరిపోయే కొలతలు తక్కువ. ఆ చిక్కు నుంచి బయటపడేసింది రిప్లికా టార్గెట్. టీ2కే కడ్డీ లాంటిదే 90 సెంటీమీటర్ల కడ్డీని ఎన్‌ఏ61 డిటెక్టర్ ముందు పెట్టి, దాని ఉపరితలంలోంచి బయటపడే పయాన్లను నేరుగా కొలిచారు. కడ్డీ పొడవును 18 సెంటీమీటర్ల చొప్పున అయిదు బిన్లు చేసి, చివరి ముఖాన్ని ఆరోదిగా లెక్కించారు. లోపల ఎన్ని తాకిడులు జరిగాయో మనకు అనవసరం, బయటికొచ్చిందే లెక్క. దీంతో శిఖరం దగ్గర దోషం 5 శాతం దాకా దిగింది. న్యూట్రినో భౌతికశాస్త్రంలో ఇంత నేరుగా ఫలమిచ్చిన కొలతలు అరుదని నా అభిప్రాయం.

రిప్లికా వెయిట్ వేసేటప్పుడు, ఆ కణానికి కడ్డీ లోపలి పలచని పలక వెయిట్లన్నీ తీసేయాలి. రెండూ ఉంచితే ఒకే సవరణ రెండుసార్లు పడుతుంది. ఇంకా, ఎన్‌ఏ61 దగ్గర ప్రోటాన్లు కడ్డీ ముఖం మీద పడిన తీరు వేరు, జే-పార్క్ బీమ్ తీరు వేరు. హారంలోని సిమ్యులేషన్‌ను ఎన్‌ఏ61 బీమ్ ఆకారంతో నడిపి వెయిట్ తీసి, ఆ తర్వాతే టీ2కే బీమ్‌కు వాడాలి.

మీ బీమ్ శక్తికి కొలతలు లేకపోతే? ఫెర్మీల్యాబ్ నుమీ బీమ్‌ది ఇదే పరిస్థితి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ భాగస్వామిగా ఉన్న నోవా న్యూట్రినో ప్రయోగం నడిచేది ఆ బీమ్ మీదే. అక్కడ ప్రోటాన్లు 120 జీఈవీ, ఆధారపడిన ప్రధాన కొలతలు సెర్న్ ఎన్‌ఏ49 ప్రయోగం 158 జీఈవీ దగ్గర తీసినవి. ఫైన్‌మన్ ఎక్స్ (కణం బీమ్ దిశలో మోసే మొమెంటం, సాధ్యమయ్యే గరిష్ఠంలో ఎంత భాగమో చెప్పే సంఖ్య), అడ్డ మొమెంటం అక్షాల మీద చూస్తే పయాన్ల ఉత్పత్తి ఈ రెండు శక్తుల మధ్య పెద్దగా మారదు. మారే ఆ కొంచెం కోసం ఫ్లూకాలో రెండు శక్తుల దగ్గరా లెక్కించి, ఆ నిష్పత్తితో సవరిస్తారు. కేంద్ర చట్రంలో 17.3 నుంచి 15.1 జీఈవీకి దిగడం చిన్న అడుగే, కాబట్టి పని జరుగుతుంది. అదే పద్ధతిని 31 జీఈవీకి సాగదీయడం మంచిది కాదు. కేయాన్ పుట్టాలంటే తోడుగా ఇంకో స్ట్రేంజ్ కణం కూడా పుట్టాలి. శక్తి తగ్గేకొద్దీ ఆ ఖర్చు భారమై స్కేలింగ్, అంటే ఉత్పత్తి శక్తితో పెద్దగా మారకపోవడం, ముందుగా కేయాన్లలోనే చెడుతుంది. ఎలక్ట్రాన్ న్యూట్రినోల్లో, ఎక్కువ శక్తి తోకలో కేయాన్ల వాటా పెద్దది గనుక దెబ్బ అక్కడ తగులుతుంది.

దోషాల లెక్కకు యూనివర్స్‌ల పద్ధతే నాకు నచ్చుతుంది. కొలత బిన్లన్నిటినీ వాటి దోషాల మేరకు ఒకేసారి కదిపి మొత్తం ఫ్లక్స్ మళ్లీ లెక్కించాలి, అలా కనీసం వంద సార్లు; ఒక్కోసారి ఒక్కో యూనివర్స్. గణాంక దోషాలు బిన్‌కు బిన్ విడివిడిగా కదలాలి, సిస్టమాటిక్ దోషాలు (కొలిచే పద్ధతి నుంచే వచ్చేవి) కలిసి కదలాలి. అన్నీ విడివిడిగా కదిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని దోషం మోసపూరితంగా చిన్నదవుతుంది. ఇక్కడ కనిపించకుండా దొర్లే తప్పు ర్యాండమ్ సీడ్, అంటే యాదృచ్ఛిక సంఖ్యల వరసను మొదలుపెట్టే అంకె. 37వ యూనివర్స్ అంటే ప్రతి జాబ్‌లో (విడిగా నడిపే ప్రతి కంప్యూటర్ పనిలో), దగ్గరి డిటెక్టర్‌కూ దూరపు డిటెక్టర్‌కూ ఒకే కదలిక కావాలి. సీడ్‌ను జాబ్ నంబర్ నుంచి తీస్తే ప్రతి ఫైల్‌లో 37వ యూనివర్స్ వేరే అయిపోతుంది. ఫైళ్లు కలిపాక కదలికలు సగటై మాయమవుతాయి. రెండు డిటెక్టర్ల నిష్పత్తిలో రద్దవ్వాల్సిన దోషం రద్దవదు. సీడ్‌ను యూనివర్స్ నంబర్ నుంచి మాత్రమే తీయండి. తాకిడులు పుట్టించే సిమ్యులేషన్ సీడ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, అది జాబ్‌కు జాబ్‌కు మారి తీరాలి.

చివరికి మిగిలేది హార్న్‌ల అల్యూమినియం. కార్బన్ కొలతలను దానికి మార్చడానికి ద్రవ్యసంఖ్యల నిష్పత్తిని, అంటే 27/12ను, ఆల్ఫా అనే ఘాతానికి ఎత్తుతారు. ఆ ఆల్ఫా స్థిరం కాదు. ఫైన్‌మన్ ఎక్స్ సున్నా దగ్గర దాదాపు 0.72, 0.5 దగ్గర 0.52 చుట్టూ ఉంటుంది. అంటే గుణకం ఒకచోట 1.8, ఇంకోచోట 1.5. అన్నిటికీ ఒకే గుణకం పెడితే వేగంగా పోయే పయాన్లు అల్యూమినియంలో అక్కర్లేనంత ఎక్కువగా పుడతాయి. పయాన్లు అల్యూమినియాన్ని తాకే సందర్భాలకైతే ఈ సూత్రం కూడా గట్టిగా నిలబడదు. ఎన్‌ఏ61 వాళ్లు 60 జీఈవీ పాజిటివ్ పయాన్లతో కార్బన్, బెరీలియం మీద తీసిన కొలతలు ఎక్కువ శక్తుల వైపు సాయపడతాయి. 5 జీఈవీ కింద మాత్రం మోడల్‌నే ఉంచి, పెద్ద దోషం పెట్టి, మొత్తం ఫ్లక్స్‌లో అలాంటి మెట్ల వాటా ఎంతో శక్తివారీగా ఒక గ్రాఫ్ గీసి ఫలితం పక్కనే పెట్టండి. తర్వాత ఏ కొలత తీయించుకోవాలో అడిగేవాళ్లు ముందు చూసేది ఆ గ్రాఫ్‌నే.